పది తక్కువ

మార్చి 2

చిన్నోడు వీధి చివర కొట్టు తెరిచాడు. నాకు చెప్పలేదు. ఎవరో కస్టమర్ ఫోన్ చేసి రెండో బ్రాంచి తెరిచినందుకు అభినందనలు చెబితే తెలిసింది. బ్రాంచీ లేదు, బూడిదా లేదు అని పెట్టేశాను.

పదకొండేళ్ళు నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. సొంత తమ్ముడు. మొదటిరోజు, మనం అమ్మేది ఏమిటన్నయ్యా, కొట్లో ఒక్క సరుకూ కనపడదు అని అడిగాడు. పేర్లు అన్నాను. షాపువాడు గుమ్మం మీద బోర్డు కట్టుకున్నట్టే నెట్‌లోనూ ఒక పేరు కట్టుకోవాలి, ఏడాదికింత అని అద్దె కట్టాలి, ఆ పేర్లు పెద్ద కంపెనీ దగ్గర మనం టోకున తీసుకుని చిల్లరగా ఇస్తాం, మధ్యలో మిగిలిందే మన తిండి అని చెప్పాను. అయితే గాలి అమ్ముతున్నామన్నమాట అని నవ్వాడు. ఆ గాలితోనే వాడి పెళ్ళి చేశాను.

జనవరిలో చిన్న మాట మీద వెళ్ళిపోయాడు. చెయ్యి జారింది, అంతే. నలుగురు కస్టమర్ల ముందు కొట్టానని వాడి ఏడుపు. ఇంట్లో కొడితే పరవాలేదా మరి.

పోతూ పోతూ కొట్టు నడిపే ప్రోగ్రాం కాపీ పట్టుకుపోయాడు. బిల్లులు, ధరలు, అద్దె గడువు గుర్తుచేసే ఉత్తరాలు, అన్నీ అదే చూసుకుంటుంది. నేను రాయించి, నేను కూర్చుని అమర్చుకున్నది. దాని పేరూ రంగూ మార్చి కొత్త కొట్లో పెట్టాడు. దొంగ వెధవ.

మార్చి 3

ఒక పేరుకి ఏడాదికి నా ధర తొమ్మిది వందలు. వాడిది ఎనిమిది వందల తొంభై.

పది తక్కువ! నా దగ్గర నేర్చిన విద్య నా మీదే.

మార్చి 4

వాడికి తెలియదు, నేను వేలు కూడా కదపక్కర్లేదు. వీధిలో ఇంతకుముందు ఒక ముసలాయన కొట్టు ఉండేది. ఆయన్ని మూయించడానికి ప్రోగ్రాంలో ఒక ఏర్పాటు పెట్టాను. టోకు కంపెనీ జాబితాలో ఈ ఊరి కొట్లన్నిటినీ అదే వెతుక్కుని, రోజూ పదకొండింటికి ధరలు చూసి, అందరికన్నా తక్కువవాడి కంటే పది తగ్గిస్తుంది. తగ్గించడమే తప్ప పెంచడం దానికి తెలీదు. కొన్న ధర దగ్గర ఆగమని అడుగున ఒక గీత ఉండేది. ముసలాయన మొండికేసిన వారం అదీ తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. చిన్నోడు కస్టమర్లతో మాట్లాడేవాడు కానీ ప్రోగ్రాం లోపలికి వాణ్ణెప్పుడూ రానివ్వలేదు.

ముసలాయన ఏడాది కూడా ఆగలేదు. చిన్నోడు రెండు నెలలు.

ఇవాళ పదకొండింటికి నాది ఎనిమిది వందల ఎనభై. పదకొండున్నరకి వాడిది ఎనిమిది వందల డెబ్భై.

మార్చి 9

రోజూ అంతే. నేను పదకొండింటికి దిగుతాను, వాడు సరిగ్గా పదకొండున్నరకి దిగుతాడు. నిమిషం తేడా ఉండదు. అంటే నా ధర చూసుకుని, కాలు మీద కాలు వేసుకుని, అరగంట ఆగి, అప్పుడు తగ్గిస్తున్నాడు. నన్ను ఉడికించడానికి. చిన్నప్పుడూ ఇంతే, నా ప్లేట్లోది అయిపోయేదాకా తనది దాచుకుని, అప్పుడు నా ఎదురుగా తినేవాడు.

మార్చి 12

కీబోర్డు విరిగింది. పాతదే.

మా ఆవిడ ముక్కలు ఏరుతూ, చేతికి గుచ్చుకుందేమో చూసుకోమంది. నన్నలా చూడొద్దని చెప్పాను.

మార్చి 14

ఇవాళ్టితో కొన్న ధర కన్నా కిందికి దిగాను. టోకున ఏడు వందలు కట్టి ఆరు వందల ఎనభైకి ఇస్తున్నాను. వాడు ఆరు వందల డెబ్భై. పేరు అమ్మిన ప్రతిసారీ జేబులోంచి ఇస్తున్నాం, ఇద్దరం. ఏర్పాటు తీసెయ్యొచ్చు. ఒక్క నొక్కు. కానీ ముందు వాడు ఆపాలి. వాడు చిన్నవాడు, నేను కాదు.

పళ్ళ డాక్టరు వాడి దగ్గరికి పోయాడు. ఎనిమిదేళ్ళ కస్టమరు, మీ తమ్ముడేగా అన్నాడు. ఫోన్లోంచి చెయ్యి పెట్టి వాడి పళ్ళన్నీ రాలగొట్టాలనిపించింది.

మార్చి 16

నోటితో తినలేకపోతున్నాను కాబట్టి రాస్తున్నాను.

డ్రైవింగ్ స్కూలాయన వచ్చాడు. లావుపాటి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. తన స్కూలు నెట్ పేరు చిన్నోడి కొట్టుకి మార్చుకోవాలట, కోడ్ ఇమ్మన్నాడు. పేరుకి ఆ కోడే తాళంచెవి, అది లేకుండా కదలదు. ఇవ్వాల్సిందే, రూల్ కూడా అంతే. రేపు రమ్మన్నాను. నిన్నా రేపన్నారు అన్నాడు. అయితే ఎల్లుండి రమ్మన్నాను. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వుతూనే నా కాలరు పట్టుకుని, కౌంటరు మీదుగా లాగి, మొహాన్ని చెక్కకేసి కొట్టాడు. మూడుసార్లు. నాలుగోసారికి ముందు ఆగి, కోడ్ అన్నాడు.

రాసిచ్చాను. కాగితం మీద నెత్తురు చుక్కలు పడితే, కనపడట్లేదు, ఇంకోటి రాయమన్నాడు. రాశాను.

ముందు పన్ను ఒకటి పోయింది. ఇది ఎవరి వల్ల? వాడు వీధి చివర కూర్చుని రోజుకో పది తగ్గించడం వల్ల. నా పన్ను వాడు రాలగొట్టినట్టే.

మార్చి 17

పొద్దున చిన్నోడి బోర్డు ఎవరో పగలగొట్టారట. గాజు బోర్డు, కొత్తది. అద్దాలు రోడ్డు దాకా పడ్డాయట.

నేనే. ఇక్కడ దాచేదేముంది. తెల్లారాక నడకకని వెళ్ళాను, షట్టరు ఎత్తే ఇనుప కడ్డీ పట్టుకుని. మొదటి దెబ్బకి పగలలేదు, బీట వారింది. అప్పుడు వాడి కొట్టు పేరు కనిపించింది, మన ఇంటిపేరే పెట్టుకున్నాడు. తర్వాత ఎన్ని కొట్టానో తెలీదు. పాలబ్బాయి సైకిలు ఆపి చూస్తూ నిలబడ్డాడు. నేను చూస్తే వెళ్ళిపోయాడు.

చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

మార్చి 18

మా ఆవిడకి ఎవరు చెప్పారో.

"ఇవాళ బోర్డు. రేపు వాడు," అంది.

వాడి ఒంటి మీద ఎందుకు చెయ్యి వేస్తాను, తమ్ముడు కాదా అన్నాను. జనవరిలో కూడా తమ్ముడే అంది. మణికట్టు పట్టుకున్నాను, మాట పూర్తి చెయ్యనివ్వకుండా ఉండడానికే. గట్టిగా పట్టుకోలేదు. సాయంత్రానికి పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది.

నాకు పోరు వాడితోనే. వాడు కొట్టు మూసుకుని, నా పక్క కుర్చీకి తిరిగొస్తే చాలు. అదొక్కటే కావాలి. ఇంత చేస్తున్నది వాడు తిరిగి రావడానికే కదా. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు.

మార్చి 20

ఐదు వందల అరవై. వాడిది యాభై.

మార్చి 21

చిన్నోడు వచ్చాడు. మాటా మాటా పెరిగింది. తోశాను. ఫైళ్ళ రాక్ మూల తగిలింది.

ఆసుపత్రిలో ఉన్నాడు.

మార్చి 22

కంటికి తగిలింది. ఎడమ కన్ను. రేపు ఆపరేషన్ చేసి చూస్తామంటున్నారు. చూపు మాట అప్పుడు చెబుతారట. ఆసుపత్రిలో అడిగితే రాక్ మూల తగిలిందని మా ఆవిడ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, అవునన్నాను.

తోయలేదు. చేతిలో స్టాప్లర్ ఉంది. వంద కాగితాలు ఒక్కసారిగా కుట్టే పెద్దది.

జరిగింది ఇది. పదకొండు దాటాక వచ్చాడు. జనవరి తర్వాత మా కొట్లో అడుగు పెట్టడం అదే. బోర్డు సంగతి ఎత్తలేదు. పాత కుర్చీనే కౌంటరు అవతలికి లాక్కుని కూర్చున్నాడు. సన్నబడ్డాడు. ఇద్దరం మునిగిపోతున్నామన్నయ్యా అన్నాడు. వాడి గొంతు వినగానే, నిజం చెప్పాలంటే, టీ తెప్పిద్దామనుకున్నాను.

అప్పుడు అన్నాడు.

"నా ధర నేను తగ్గించట్లేదు. నువ్వే లోపలికొచ్చి తగ్గిస్తున్నావు. పాస్‌వర్డు రెండుసార్లు మార్చాను. అయినా వస్తున్నావు. ఆపన్నయ్యా."

నేనా? వాడి కొట్టుకి ధర నేను తగ్గిస్తున్నానా?

"ఇవాళ తొమ్మిదింటికి నా చేత్తో తొమ్మిది వందలు పెట్టి వచ్చాను. కావాలంటే చూడు," అన్నాడు.

స్క్రీన్ వాడి వైపు తిప్పి, వాడి కొట్టు తెరిచాను. ఐదు వందల యాభై. గోడ మీద గడియారం పదకొండు ముప్పై రెండు. నా ఎదురుగా కూర్చుని, ఒళ్ళో ఫోన్లోంచే ధర తగ్గించి, అబద్ధం నా మొహాన కొట్టి, పైగా దొంగతనం నా నెత్తిన రుద్దుతున్నాడు. వాడు స్క్రీన్ కేసి నోరు తెరుచుకుని చూశాడు. ఆ నటన చూసే నాకు ఒళ్ళు తెలియలేదు.

ఒక్క దెబ్బ. కుర్చీతో సహా పడిపోయాడు.

ఒక్కటే.

మార్చి 23

ఆపరేషన్ అయింది. మూడు గంటలు పట్టింది. నన్ను వార్డులోకి రానివ్వలేదు, కొట్లో కూర్చున్నాను.

ఇది కోపంతో రాస్తున్నాను. పదకొండున్నరకి వాడి ధర పడింది. ఐదు వందల పదికి. నిన్న కూడా పడిందట, చూసుకోలేదు. వాడు బల్ల మీద మత్తులో ఉన్నాడు, కొట్టుకి తాళం. అంటే మరదలు. మొగుడి కంట్లో కత్తి పెట్టి కోస్తుంటే ఆవిడ వరండాలో కూర్చుని పది తగ్గిస్తోంది. మొదటినుంచీ ఆవిడేనేమో. వాడికి అంత పట్టుదల ఎక్కడిది, నాకు తెలీదూ.

రేపు వెళ్తాను.

మార్చి 24

పదకొండుంబావుకల్లా వెళ్ళాను. వరండా చివర బల్ల మీద మరదలు ఒక్కతే ఉంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మని కూడా అనలేదు. ఎదురు బల్ల మీద కూర్చున్నాను. ఫోన్లో వాడి కొట్టు తెరిచి పెట్టుకున్నాను. పట్టుకుని, అందరి ముందూ నిలబెట్టి అడగాలని వచ్చాను.

ఆవిడ ఒళ్ళో మడత పెట్టిన చొక్కా ఉంది. చిన్నోడిది, ఆ రోజుది. ఉతికినా మరకలు పోలేదు. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. ఫోన్ గోడ దగ్గర ఛార్జింగుకి పెట్టి ఉంది, ఆవిడకి నాలుగు అడుగుల దూరం.

పదకొండూ ఇరవై తొమ్మిది. ఆవిడ చేతులే చూస్తున్నాను. కదలలేదు.

పదకొండున్నర. నా ఫోన్లో ధర పడింది. నాలుగు వందల తొంభై.

ఆవిడ చేతులు చొక్కా మీదే ఉన్నాయి.

"ఏం చూస్తున్నారు బావగారూ," అంది.

ఏమీ లేదన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆవిడే నీళ్ళ సీసా ఇచ్చింది.

మార్చి 25

పొద్దున్నే ప్రోగ్రాం తెరిచాను. తెరవక ముందే తెలుసు.

వాడు కాపీ పట్టుకుపోయినప్పుడు ఏర్పాటు కూడా దానితోనే పోయింది. ముసలాయన కోసం పెట్టిందే. వాడికి కనపడదు, నేనే కనపడకుండా పెట్టాను. వాడి మిషను గడియారం అరగంట వెనక నడుస్తోంది, దానికి పదకొండంటే మనకి పదకొండున్నర. నాది వాడి కన్నా పది తగ్గుతుంది, వాడిది నా కన్నా పది తగ్గుతుంది, అడుగున గీత లేదు. సున్నా దాకా దిగేవి. ఇద్దరం చచ్చినా దిగేవి.

రోజూ పదకొండింటికి నా ప్రోగ్రాం చూసిన ధరలు ఒక జాబితాలో ఉంటాయి. వెనక్కి వెళ్ళి 21వ తేదీ చూశాను. ఆ రోజు నా ధర తగ్గలేదు. తగ్గించేంత అవసరం దానికి కనిపించలేదు. పక్కన చిన్నోడి కొట్టు వరసలో ఉంది: తొమ్మిది వందలు.

పెట్టే వచ్చాడు. నా దగ్గరున్న మిషనుకి కూడా తెలుసు వాడు పెట్టాడని. అరగంట ముందు చూసి ఉంటే నేనూ చూసేవాణ్ణి.

నువ్వే తగ్గిస్తున్నావు అన్నాడు. అదీ నిజమే.

ఏర్పాటు తీసేశాను. పదకొండు దాటింది, నాది కదల్లేదు. పదకొండున్నర దాటింది, వాడిదీ కదల్లేదు. మధ్యాహ్నం దాకా అలాగే చూస్తూ కూర్చున్నాను. స్క్రీన్ పగలగొట్టాలనిపించింది. చెయ్యి ఊరుకోలేదు. గోడని కొట్టాను. వేళ్ళు వాచాయి, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

మార్చి 26

చూపు రాదన్నారు.

మార్చి 27

మా ఆవిడ మరదల్ని బతిమాలి, నన్ను ఐదు నిమిషాలు లోపలికి పంపింది.

సగం మొహానికి కట్టు. మిగిలిన కన్ను నన్ను చూడగానే, పడుకున్నవాడు పడుకున్నట్టే, చెయ్యి పైకెత్తాడు. పలకరించడానికి కాదు. మొహానికి అడ్డం పెట్టుకోవడానికి.

నేను గోడ దగ్గరే నిలబడ్డాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అక్కణ్ణుంచే చెప్పాను. ప్రోగ్రాం సంగతి, గడియారం సంగతి, ముసలాయన సంగతి, అన్నీ. నువ్వు తొమ్మిది వందలు పెట్టావురా, చూశాను అన్నాను.

వాడు చెయ్యి దించకుండానే విన్నాడు. తర్వాత, "ఇప్పుడు ఆగిందా?" అన్నాడు.

ఆగిందన్నాను.

చెయ్యి దించాడు. నేను ఏడ్చాను. వాడు ఏడవలేదు, కట్టు తడవకూడదట. బయటికి వస్తుంటే వెనకనుంచి పిలిచాడు.

"వదినని ఏమీ అనకన్నయ్యా."

వాడికీ తెలుసన్నమాట. అందరికీ తెలుసు. నేనొక్కణ్ణే ఈ పుస్తకంలో చెయ్యి జారిందని రాసుకుంటున్నాను.

మార్చి 28

ఉదయం స్టేషన్‌కి వచ్చాను. పిలిపించారు. మరదలు కంప్లయింట్ ఇచ్చింది. మంచిపని చేసింది. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను కానీ, కానిస్టేబులు గుమ్మంలోకి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఇంతకింతా తీర్చుకోవాలనిపించింది ఆవిడ మీద. ఒక్క క్షణమే. కానీ వచ్చింది.

ఇది స్టేషన్ బల్ల మీద రాస్తున్నాను. మా ఆవిడ బల్ల చివర కూర్చుంది. సంచీలో ఈ పుస్తకం పెట్టి తెచ్చింది. ఎప్పటినుంచి చదువుతోందో అడగలేదు.

ఇన్‌స్పెక్టర్ నెమ్మదస్తుడు. రోజూ ఇలాంటివి పది చూసే మనిషి. మీ తమ్ముడు నిన్న స్టేట్‌మెంట్ ఇచ్చాడండీ, మిమ్మల్ని కాపాడేలాగానే ఇచ్చాడు అన్నాడు. చదివి వినిపించాడు. ధరల విషయంలో పొరపాటు పడి, కోపంలో అన్నయ్య ఒక్క దెబ్బ కొట్టాడు, చెంప మీద తగిలింది, పడిపోయాను, తర్వాత ఏమీ తెలియదు. అంతే ఉంది. డాక్టరు కాగితంలో రెండు గాయాలు రాశారు. ఒకటి చెంప ఎముక మీద, ఇంకోటి కంటి మీద. చెంపది మీ దెబ్బ, కంటిది పడేటప్పుడు రాక్ మూల తగిలింది, ఆసుపత్రిలో మీరూ అదే చెప్పారు కదా అన్నాడు. కావాలని చేసింది కాదని రాస్తే కేసు తేలికవుతుంది, అన్నదమ్ములు రేపు కలిసిపోయేవాళ్ళే అని పెన్ను నా వైపు జరిపాడు. సంతకం పెట్టాల్సిన చోట చిన్న గీత కూడా గీసి పెట్టాడు.

మా ఆవిడ నన్ను చూడట్లేదు. నేల చూస్తోంది.

"రాక్ మూల కాదండి," అన్నాను.

"మీ తమ్ముడే చెప్పాడు కదా, ఒక్క దెబ్బకే పడిపోయానని."

"అవునండి. ఒక్క దెబ్బకే పడిపోయాడు. కదల్లేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను కౌంటరు చుట్టూ తిరిగి వెళ్ళి, వంగి, ఇంకోటి కొట్టాను. రెండోది వాడికి తెలీదు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను వెనక్కి తీసుకున్నాడు. రాసి ఉన్న కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, కొత్తది తీసి, మొదటినుంచి చెప్పమన్నాడు.